గంటలో లోపల పెడదాం

కార్గో షెడ్డులో అందరూ ఆయన్ని స్వెట్టరాయన అనేవాళ్లు. రోడ్డు మీద తారు కరిగే ఎండలో కూడా, మోచేతుల దగ్గర చిరుగులు పడ్డ నీలం స్వెట్టరు తొడుక్కుని తిరిగేవాడు మరి. "పెళ్లిపీటల మీద కూడా దాంతోనే కూర్చున్నాడా?" అని ఇరుగుపొరుగు ఆయన భార్యని ఆటపట్టించేవాళ్లు.

పంతొమ్మిదేళ్లుగా ఆయన పని కోల్డ్ రూములో. విదేశాలకి వెళ్లే చేపలు, స్ట్రాబెర్రీలు, గులాబీలు విమానం ఎక్కేదాకా మూడు డిగ్రీల చలిలో ఆయన చేతికింద ఉండేవి. గంటకోసారి గోడమీది థర్మామీటరు చూడాలి, షీటులో అంకె వేయాలి, పక్కన సంతకం పెట్టాలి. ఆయన చేతిలో ఒక్క పెట్టె పాడైందన్న మాట లేదు. ఆ మాటంటే ఆయనకి ప్రాణం. చివరికి అదే కొంప ముంచింది.

ఆ వేసవిలో ఒకరోజు కోల్డ్ రూము కిటకిటలాడుతోంది. వెనక మూలలో ఒక పొడవాటి చెక్కపెట్టె ఉంది. అందులో ఉన్నది ఒక వంటావిడ. ఆ ఊళ్లో ఎవరింట్లోనో పన్నెండేళ్లు వండిపెట్టి, నిద్రలోనే పోయింది. సాయంత్రం విమానంలో తన దేశానికి, కూతురి దగ్గరికి వెళ్తోంది.

పదకొండింటికి చేపల లారీ వచ్చింది. రావలసిన దానికన్నా మూడు గంటలు ఆలస్యం. అప్పటికే థర్మోకోల్ డబ్బాల అడుగున మంచు నీరై కారుతోంది. వెంట వచ్చిన గుమాస్తా ఆయన గడ్డం పట్టుకున్నంత పనిచేశాడు. లోపల చూస్తే అడుగు పెట్టే సందు లేదు.

స్వెట్టరాయన కాసేపు తల గోక్కున్నాడు. తరవాత ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆవిడని పిలిచాడు.

"చెల్లెమ్మా, ఆ మూల పెట్టెని బయట రేకుల కింద పెట్టు. గులాబీలు ఎలాగూ గంటలో వెళ్లిపోతాయి. గంటలో లోపల పెడదాం."

ఆవిడ కదల్లేదు. "అన్నా, అందులో మనిషి."

"మనిషికి ఇంక అయ్యేదేముంది? చేపలే ఆగవు."

ఆ మాట ఆయన నోటినుంచే వచ్చింది. తరవాత ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నా వెనక్కి రాలేదు.

గులాబీల విమానం ఆలస్యమైంది. ఒంటిగంటకి ఆయనకి పెట్టె గుర్తొచ్చి బయటికి వెళ్లాడు. నీడ జరిగిపోయింది. పెట్టె సగం మీద ఎండ పడుతోంది. పైన రేకులు వేడికి టిక్కు టిక్కుమంటున్నాయి. చెక్కకి పూసిన వార్నిష్ వాసన గుప్పుమంది. లోపల పెట్టాలంటే ఏదో ఒకటి బయటికి తీయాలి. పక్కనే గుమాస్తా కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. "ఇంకాసేపట్లో" అనుకుని వెనక్కి తిరిగాడు.

ఆ కాసేపు సాయంత్రం ఐదయ్యేదాకా సాగింది. పెట్టె అటునుంచి అటే విమానం ఎక్కింది. దానికి కట్టిన షీటులో ఆయన ఆరు గడులూ ఒకేసారి కూర్చుని నింపాడు. మూడు, మూడు, మూడు, మూడు, మూడు, మూడు.

నాలుగో రోజున ఆఫీసు ఫోను మోగింది.

"సార్, మా అమ్మని పంపించింది మీరే కదా? షీటు మీద మీ సంతకం ఉంది." చిన్న గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "మావాళ్లు పెట్టె తెరవనివ్వలేదు. ముఖం చూడకుండానే సాగనంపాం. అమ్మని చల్లగానే ఉంచారు కదా సార్?"

"చల్లగానే ఉంచామమ్మా," అన్నాడు ఆయన.

"అయితే చాలు సార్. పొయ్యి దగ్గరే బతికింది. పోయాకైనా చల్లగా వచ్చింది." ఆ అమ్మాయి ఆయనకి దణ్ణాలు చెప్పి పెట్టేసింది.

తిట్టినా బాగుండేది. ఆ పూట ఆయన అన్నం ముందు కూర్చుని అలాగే లేచాడు. ఒంట్లో బాగాలేదా అని భార్య అడిగితే ఎండ దెబ్బ అన్నాడు.

వారం తిరక్కుండా, ఆవిడ పెట్టె ఉన్న వెనక మూలలో పెట్టిన స్ట్రాబెర్రీలు మెత్తబడ్డాయి. తరవాత చేపలు. తరవాత జున్ను. పక్క వరసలో సరుకు నిగనిగలాడుతుంటే, ఆ మూలలోది మాత్రం అడుగు డబ్బా నుంచి పాడవుతోంది. మెకానిక్ వచ్చి, ఫ్యాన్లు విప్పి, గోడలు తడిమి చూసి, "మూడు డిగ్రీలే ఉంది కదండీ" అని చేతులు దులుపుకుని పోయాడు. ఫోర్క్‌లిఫ్ట్ ఆవిడ ఆ మూలకి వెళ్లడం మానేసింది. ఎందుకని ఆయన అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి మళ్లీ సరుకు పోటెత్తింది. ఆ మూల తప్ప చోటు లేదు. చూసొస్తానని స్వెట్టరాయన ఒక్కడే లోపలికి వెళ్లాడు. వెనక బరువైన తలుపు బుస్సుమంటూ మూసుకుంది. బయటి చప్పుళ్లన్నీ తెగిపోయాయి. ఫ్యాన్ల గుర్రు ఒక్కటే. తడి అట్టపెట్టెల వాసన, చేపల వాసన. నోటినుంచి ఆవిరి తెల్లగా వస్తోంది.

నాలుగు అడుగులు వేశాడు. ఆరు అడుగులు.

ఆవిరి ఆగిపోయింది.

ఊపిరి పీలుస్తున్నాడు, వదులుతున్నాడు. తెలుపు లేదు. బుగ్గకి వేడి తగిలింది... పొయ్యి మీదకి వంగితే తగిలే వేడి. మెడమీద చెమట పట్టింది. స్వెట్టరు వీపుకి అంటుకుంది.

వార్నిష్ వాసన.

అప్పుడు పైనుంచి వినిపించింది. టిక్కు... టిక్కు... ఆ గదికి రేకుల కప్పు లేదు. జానెడు మందాన ఫోము పలకలున్నాయి. టిక్కు... టిక్కు...

వెనక్కి తిరగబోయాడు.

మోకాళ్లంత ఎత్తులో, పడుకున్న మనిషి పలికినట్టు, ఎండిపోయిన గొంతు ఒకటి మెల్లగా అడిగింది.

"గంట... అయిందా, బాబూ?"

కోపం లేదు అందులో. వేరే ఊళ్లో బస్సు కోసం కూర్చున్నావిడ ఎవర్నో అడిగినట్టుంది. ఆయనకి అదే భరించరానిదైంది.

"అమ్మా..." అన్నాడు. నోట తడి లేదు. "నేనే పెట్టించాను... నేనే."

వేడి ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

తలుపు తీసింది ఫోర్క్‌లిఫ్ట్ ఆవిడ. ఆయన నేలమీద కూర్చుని ఉన్నాడు. చేయి పట్టుకుని బయటికి తెచ్చి, దీపం కింద ఆయన ముఖం చూసి ఆగిపోయింది. ఎడమ బుగ్గ, ఎడమ చెవి, మెడ, ఆ వైపంతా రోజంతా ఎండలో పడుకున్నట్టు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"అన్నా," అంది గొంతు తగ్గించి. "నిన్నూ అడిగిందా?"

ఆయన తల ఊపాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఇంకాసేపట్లో అని చెప్పానన్నా. తలుపు దగ్గర నుంచునే రోజూ అదే చెప్తున్నా."

ఇంక ఆగలేకపోయాడు. ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కిటికీలోంచి పట్టపగటి వెలుతురు. బల్ల, రెండు కుర్చీలు, నీళ్ల సీసా. ఆ అమ్మాయి నంబరు వెతికి కలిపాడు. ఉద్యోగం పోతే పోనీ. పిల్ల శాపనార్థాలు పెడితే పెట్టనీ. ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలి.

"చెప్పండి సార్," అంది ఆ అమ్మాయి.

"అమ్మా, ఆరోజు మీ అమ్మగారి సంగతి... నేను నీకు అబద్ధం..."

"సార్, ఒక్క నిమిషం. మీ మాట సరిగ్గా వినపడ్డం లేదు. ముందు మీ పక్కనున్న ఆవిడకి కాసిని మంచినీళ్లు ఇవ్వండి. ఇందాకట్నుంచి అడుగుతూనే ఉన్నారు."

ఆయన పక్క కుర్చీ వైపు చూశాడు. ఖాళీ. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

సీసా ఎత్తి, గ్లాసులో నీళ్లు పోసి, ఆ కుర్చీ ముందు బల్లమీద పెట్టాడు. కళ్లార్పకుండా చూస్తూ కూర్చున్నాడు. గ్లాసులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఒక్క చుక్క తగ్గలేదు.

"అమ్మయ్య," అంది ఫోనులో ఆ అమ్మాయి. కాసేపు ఏదో వింటున్నట్టు ఆగింది. తరవాత జాలిగా అంది.

"మెల్లగా తాగమనండి సార్... పొలమారుతోంది."