నేను సరిచేసిన రెక్క

"ఈ మగచేపను సంసారానికి పనికిరాకుండా చేసింది ఎవరు?"

బొమ్మల గదిలోకి వచ్చీ రాగానే ఆమె అడిగిన మొదటి మాట ఇది. మ్యూజియంలో చేపల మీద పరిశోధనకు కొత్తగా వచ్చిన అమ్మాయి. నేను అక్కడ బొమ్మలు వేసేవాణ్ణి. ఆమె చేతిలో ఉన్నది నేను పది రోజులు కళ్లు పొడుచుకుని వేసిన గప్పీ చేప బొమ్మ. నాకు ఒళ్లు మండిపోయింది.

"నేనే. ఏం, బాగా లేదా?"

"పొట్ట కింద రెక్క ఇలా ఉందేమిటండీ?"

"సీసాలో ఉన్న చేపకి అది నలిగి పుల్లలా అయిపోయింది. నేను విసనకర్రలా విప్పి సరిచేశాను."

ఆమె కుర్చీలో కూలబడింది.

"అది నలగలేదు మహానుభావా. మగవాటికి పెద్దయ్యాక ఆ రెక్కే సన్నగా, పొడుగ్గా మారుతుంది. దాంతోనే బీజాన్ని ఆడచేప లోపలికి చేరుస్తుంది. అది లేకపోతే పిల్లలు పుట్టేదెలా?"

"చేపలు గుడ్లు పెడతాయి కదా?"

"ఇవి పిల్లల్నే కంటాయి. వేరే గర్భసంచి కూడా లేదు, అండాశయంలోనే మోస్తాయి. పరిణామంలో గుడ్లు పెట్టే చేపల్లోంచి ఇలా పిల్లల్ని కనే చేపలు వేరువేరుగా ఎన్నోసార్లు పుట్టుకొచ్చాయి. ఇక్కడికి రాకముందు నుంచీ, నాలుగేళ్లుగా నా పని అదే. వచ్చే సోమవారం దాని మీదే ప్రదర్శన. మీరేమో విసనకర్ర చేసి పెట్టారు."

తప్పు నాదే. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది. నాలుగు రోజులు భూతద్దం పెట్టుకుని, ఒక్కో ముల్లూ చూసి చూసి మళ్లీ వేశాను. ఆమె రోజూ వచ్చి, "ఇవాళ ఏం సరిచేశారు?" అని దెప్పుతూ పక్కనే నిలబడేది. ఆ చూపు బొమ్మ మీద తక్కువ, నా మీద ఎక్కువ ఉందని నా అనుమానం.

శుక్రవారం సాయంత్రం మా పెద్దాఫీసరు వచ్చి బొమ్మ చూశాడు.

"ఇదేమిటయ్యా? చిన్నపిల్లలు వస్తారు. ఆ రెక్క చెరిపెయ్."

"చెరపనండీ."

"అయితే రేపట్నించి రావద్దు."

తెలియక ఒకసారి చేసిన తప్పును తెలిసి మళ్లీ చెయ్యాలా? కుంచెలు సంచీలో పడేసుకుని వానలోకి నడిచాను. గేటు దాటినా కోపం తగ్గలేదు.

వెనక నుంచి అడుగుల చప్పుడు. ఆమే. గొడుగు లేక తడిసి ముద్దయిపోయింది.

"ఆగండి. రెక్క ఉంటుంది, మీరూ ఉంటారు. ఆయన ఒప్పుకున్నారు."

"ఎలా?"

"మీరు వెళ్తే నా పని మొత్తం తీసుకుని నేనూ వెళ్లిపోతానన్నాను."

"నా కోసం మీరెందుకు వెళ్లడం? బొమ్మలు వేసేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు."

ఆమె మొహం ఎర్రబడింది.

"చేప సంగతి ఒక్కసారి చెప్తే అర్థమైంది. ఇది మాత్రం అర్థం కాలేదా? నిన్ననే మా అమ్మకి కూడా చెప్పేశాను."

"ఏమని?"

"అల్లుడు దొరికాడని. కాస్త కోపిష్టి అని."

"నేనా కోపిష్టిని?" అన్నాను మండిపడుతూ. అప్పటికే ఆమె చెయ్యి నా చేతిలో ఉంది.