అల్మారా తలుపు

"నా పుస్తకాలల్ల గీ బస్సు టికెట్లేంది?"

అల్మారాకు రంగు వేస్తున్న ఆకాశ్ కుంచె ఆపి వెనక్కి తిరిగాడు. నయన చేతిలో పన్నెండు టికెట్లు. అన్నీ దూలపల్లి నుంచి మేడ్చల్‌కు కొన్నవే.

"సదివిన కాడ గుర్తు పెట్టిన మేడమ్. పేజీ మడిస్తె పుస్తకం కరాబైతది గదా."

"దాసిపెట్టమని ఇచ్చినం. సదవమని గాదు!"

"పెట్టెకు తాళం లేకపాయె. నాకు బుద్ధి లేకపాయె."

నయనకు నవ్వొచ్చింది. అది కనపడకుండా విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

వాళ్ల పాత పెంకుటింటిని బాగు చేయించడానికి ఆరు నెలలు పట్టింది. అన్నాళ్లూ కొంపల్లిలో అద్దెకున్నారు. సిమెంటు దుమ్ము తగలకుండా పుస్తకాల పెట్టెల్ని వడ్రంగి ఆకాశ్ తన షెడ్డులో దాచాడు. కార్తీకం మొదటి రోజున కొత్త వంటింట్లో పాలు పొంగించారు. ఆ రోజే తండ్రి నర్సయ్య యాప్రాల్ సంబంధం సంగతి ఎత్తాడు.

"ఒక్క నెల ఆగు బాపూ. ఇల్లు సదురుకుంట, దినానికో పుస్తకం సదువుకుంట. ముప్పయ్యో దినం నేనే చెప్త" అంది నయన.

పొద్దున్నే నాయనమ్మ యాదవ్వకు కార్తీక పురాణం చదివి వినిపించడం కూడా ఆమె పనే. రోజుకొక అధ్యాయం, నెలకు ముప్పై. పన్నెండో అధ్యాయం దగ్గర అందులోనూ ఓ టికెట్ బయటపడింది. అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మొదలువెట్టి మధ్యల ఆపిండా? ఇంటికి మంచిది గాదు బిడ్డా. ఆ పోరన్ని పిలువు. మిగిలింది వాడే సదవాలె."

మధ్యలో ఆపితే దేవుడు నిజంగా కోప్పడతాడా అని నయనకు అనుమానమే. అయినా ఈ ఒక్క నియమం మీద ఆమెకు ఉన్నట్టుండి భక్తి కుదిరింది.

మర్నాటి నుంచి ఆకాశ్ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చి చదివేవాడు. పోబోయే వేళకు అల్మారా తలుపు బిగుసుకుపోయేది. చిత్రిక పడుతూ అరగంట ఉండిపోయేవాడు.

"మీ పుస్తకంల గా కథల పిల్ల ఎందుకు గంత ఏడిసింది మేడమ్? వాడు ఒక్క మాట అడిగితె అయిపోతుండె గదా."

"నువ్వైతె అడుగుతవా?"

ఆకాశ్ తల వంచుకుని చిత్రిక గట్టిగా నెట్టాడు. "పనికొచ్చిన ఇంట్ల ఎట్లడుగుత?"

ముప్పయ్యో రోజు వచ్చింది. చివరి అధ్యాయం అయింది, కొబ్బరికాయ కొట్టారు. నర్సయ్య బిడ్డ వైపు చూశాడు.

"నెలైంది బిడ్డా. యాప్రాలోల్లకు ఏం జెప్పాలె?"

నయన ఆకాశ్ వైపు చూసింది.

ఆకాశ్ మొహం తిప్పుకుని లేచాడు. "ఆఖరుసారి తలుపు సూసి పోత సారూ" అంటూ దాన్ని మొత్తంగా ఊడదీశాడు. సందులోంచి మడతలు పెట్టిన కాగితాలు జలజలా రాలాయి. ఒకటి విప్పి చూశాడు. దూలపల్లి నుంచి మేడ్చల్. ఇంకోటి విప్పాడు. అదే.

"మేడమ్! పద్దెనిమిది దినాలు చిత్రిక వట్టిన. తలుపు సగమైంది!"

నయన చెవులదాకా ఎర్రబడింది. "నేనే దోపిన. ఎన్నడన్న అడుగుతవేమోనని సూసిన" అంది, నేలను చూస్తూ.

ఆకాశ్ చిత్రిక కింద పెట్టి చేతులు జోడించాడు. "ఇగ అడుగుత. నయనను నాకిస్తరా మామా?"

"ఓరి వీని! ఇయ్యకముందే మామనబట్టె!" అంది యాదవ్వ.

నర్సయ్య ఒక టికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. బిడ్డ మొహం చూశాడు. అడగాల్సింది ఇంకేం మిగల్లేదనిపించింది.

"యాప్రాలోల్లకు వద్దని చెప్త. రేపు మీ నాయినను తోలుకరా. గని గీ తలుపు పనికిరాదు, కొత్తది చెయ్యాలె."

"ఎన్ని దినాలల్ల మామా?"

"జల్దీ ఏం లేదు" అంది నయన.