మూడు అరబ్బీ అక్షరాలు

"సందేశంలో ఉన్నది ఒకే మాట. నూన్, ఖాఫ్, లామ్." చీఫ్ తెర మీద మూడక్షరాలు చూపించాడు. "పంపింది విదేశీ ముఠా. చేరింది బిలాస్‌పూర్‌కి. తనూజా, డీకోడ్?"

"నక్ల్ సర్. మన నకలే. కాపీ అని." అరబిక్ సెక్షన్ ఆఫీసర్ తనూజ ముత్యాల చెవిపోగు సవరించుకుంది. "రూట్ కోడ్‌ని కాపీ చేయబోతున్నారు."

మిలిటరీ రైళ్లు ఏ రోజు ఏ దారిన వెళ్తాయో చెప్పేది రూట్ కోడ్. ఉన్నది ఒకటే ప్రతి, బిలాస్‌పూర్‌లో ఒక రైల్వే ఆఫీసు స్ట్రాంగ్‌రూమ్‌లో. రాసింది ఇంజనీర్ సత్యనారాయణమూర్తి.

మర్నాడు ఉదయం ఏజెంట్ అనిల్ ఎలక్ట్రీషియన్ వేషంలో స్ట్రాంగ్‌రూమ్ ముందు మూడు గంటలు కాపు కాశాడు. ఎవరూ రాలేదు. గుమాస్తాను అనుమానించాడు. స్వీపర్‌ని అనుమానించాడు. టీ తెచ్చిన తమ జీపు డ్రైవర్ శంకరరావు అనిల్ చేతిలోని సందేశం కాగితం వైపు తొంగి చూస్తే, అతన్నీ అనుమానించాడు.

"ఏం చూస్తున్నావ్?"

"ఈ మాట నాకు తెలుసు సార్. దమ్మామ్‌లో పదకొండేళ్లు లారీ తోలాను. బళ్ల మీద ఇదే రాసుండేది."

"కాపీ అనా?"

"లారీ మీద కాపీ అని ఎందుకు రాస్తారేటి సార్? అక్కడ నక్ల్ అంటే సరుకు తరలించడం. మనిషి ఒక యజమాని నుంచి ఇంకో యజమానికి మారినా నక్లే. ఇక్కడ కచేరీలో నకలు, బజార్లో నకిలీ. అన్నీ ఆ మాటలోంచి పుట్టినవేనని మా ఫోర్‌మన్ చెప్పీవోడు."

అనిల్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. కోడ్ కాగితంలోనే కాదు, రాసినవాడి బుర్రలో కూడా ఉంది. రాజ్‌కిశోర్ నగర్‌లో ఇంజనీర్ ఇంటికి ఫోన్ కొట్టాడు.

"మీ డిపార్ట్‌మెంట్ మేడమే తీసుకెళ్లారు కదండీ," అంది ఇంజనీర్ భార్య ఊర్మిళ. "ఆయన ప్రాణానికి ముప్పుంది, సేఫ్‌హౌస్‌కి మారుస్తున్నామన్నారు. ఐడీ కార్డు చూసే పంపాను."

"పేరు?"

"తనూజ."

ఐడీ కార్డు అసలుదే. రెండేళ్లుగా ఆమె చెప్పిన ప్రతి అర్థాన్నీ నమ్మి సంతకం పెట్టింది అనిలే.

ఇంజనీర్‌కి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్నులో ట్రాకర్ ఉంది. అనిల్ వాచీ మీద ఎర్ర చుక్క స్టేషన్‌లో, ఒకటో ప్లాట్‌ఫాం మీద ఆగింది. శంకరరావు జీపు తోలిన తోలుడికి ఆరు నిమిషాల్లో చేరారు. రైలు కదులుతోంది. ఇద్దరూ పరుగెత్తి ఏసీ కోచ్ పట్టుకున్నారు.

సీటు మీద ఇంజనీర్, పక్కన నర్సు కోటులో తనూజ. చేతిలో సిరంజి.

"ప్రయాణంలో బీపీ పెరగకుండా, అంకుల్."

సూది చర్మాన్ని తాకింది. అనిల్ ఆమె మణికట్టు పట్టి వెనక్కి లాగాడు. సిరంజి జారి సీటు కిందికి దొర్లింది. శంకరరావు చైన్ లాగాడు.

"తప్పుడు అర్థం చెప్పావు తనూజా."

"తప్పేం లేదు. నకలు అని కూడా ఉంది. నిఘంటువు చూసుకో."

"ఉంది. ఉన్నవాటిలో నువ్వు ఏరుకున్నావు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. అనిల్ సంకెళ్లు వేశాడు.

సత్యనారాయణమూర్తి మడిచిన చొక్కా చెయ్యి మెల్లగా దించుకున్నాడు.

"అయితే నేను దిగిపోవాలా బాబూ? ముప్పై ఏళ్ల రైల్వే సర్వీసులో అడక్కుండా లోయర్ బెర్త్ ఇచ్చింది ఈవిడ ఒక్కతే."