నీళ్ళా, బస్సా

మధ్యాహ్నం నీళ్ళ ఆఫీసు ఫిర్యాదుల కౌంటర్ దగ్గర తనతో గొడవ పెట్టుకుని వెళ్ళిన మనిషే, సాయంత్రం యూనివర్సిటీలో ఇంటర్వ్యూ గది బయట బెంచీ మీద కూర్చుని ఉండటం చూసి ఆమెకి కాళ్ళు వెనక్కి లాగాయి.

అది మామూలు గొడవ కాదు. వాళ్ళ వీధికి నీళ్ళు రావట్లేదని అతను, వచ్చేశాయని కంప్యూటర్‌లో ఉందని ఆమె. చివరికి అతను కౌంటర్ అద్దానికి మొహం దగ్గరగా పెట్టి, "అయితే మీ కంప్యూటర్‌లో వచ్చిన నీళ్ళే ఒక బకెట్ పోయండి మేడం, పట్టుకెళ్తాను" అన్నాడు. వెనక క్యూ అంతా నవ్వింది. ఆమె తలెత్తకుండా "రేపు రండి" అంది.

ఇప్పుడు బెంచీ మీద ఖాళీ అతని పక్కనే ఉంది. కూర్చోక తప్పలేదు.

"ఇంటర్వ్యూకేనా?" అన్నాడు. "లేక వీళ్ళని కూడా రేపు రమ్మనడానికి వచ్చారా?"

"పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పీజీకి. ఏ డిగ్రీ అయినా పర్లేదట, ఇద్దరు ఆఫీసర్ల సిఫార్సు కావాలట. ప్రభుత్వ ఆఫీసులో మూడేళ్ళు పనిచేసి ఉంటే ఇంటర్న్‌షిప్ అక్కర్లేదట. నాకు మూడేళ్ళు నిండాయి."

"రేపు రండి అనడంలోనా?"

ఆమెకి ఒళ్ళు మండింది. "మరి మీకెందులో అనుభవం?"

"బస్ డిపోలో. టైం టేబుల్ వేస్తాను."

"ఓహో. రాని బస్సులకి టైం వేసేది మీరేనా?"

అంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది.

ఇద్దరికీ సీటు వచ్చింది. సాయంత్రం క్లాసులు కాబట్టి అందరూ ఏదో ఒక ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చేవాళ్ళే. మొదటి వారంలోనే క్లాసు మొత్తం ఆమెని కౌంటర్ అనీ, అతన్ని టైం టేబుల్ అనీ పిలవడం మొదలుపెట్టింది.

కోర్సు నడిపేది డైరెక్టర్ మేడం. తెల్లజుట్టు, తక్కువ మాటలు. మొదటి రోజే చెప్పేశారావిడ. "బడ్జెట్, స్టాటిస్టిక్స్, చట్టం, ఎథిక్స్, అన్నీ పాసవ్వాలి. ఆఖర్న ఒక ప్రాజెక్టు. ఇద్దరేసి జట్టు. నిజమైన ఆఫీసులో నిజమైన సమస్య తీసుకుని పరిష్కారం చూపించాలి. జట్టులో ఒకరికొకరు మార్కులు వేసుకోవాలి. ఆ తర్వాత వైవా. ప్రాజెక్టు పోయిందంటే మళ్ళీ వచ్చే ఏడే. ఇందులో బతిమాలడాలు ఉండవు."

వచ్చే ఏడు అన్న మాట వింటేనే ఆమెకి గుండె జారేది. నీళ్ళ ఆఫీసు వాళ్ళు ఫిర్యాదుల కౌంటర్‌ని ఎత్తేసి, ఆ పని ఎక్కడో కాల్ సెంటర్‌కి ఇచ్చేస్తున్నారు. మిగిలేది ఒక్క ఫిర్యాదుల ఆఫీసర్ పోస్టు. దానికి పీజీ కావాలి, అది కూడా ఈ కోర్సు పూర్తయ్యే ఏడాది లోపల. లేదంటే ఆమె ఇంటికే. తిట్లు తినే ఉద్యోగం కావచ్చు, కానీ బయటి మనిషి గొంతు లోపలికి వినిపించే చోటు ఆ బిల్డింగులో అదొక్కటే. దాన్ని వదులుకోవడం ఆమెకి చేతకాదు.

రెండేళ్ళు గడిచి ప్రాజెక్టు వచ్చేసరికి డైరెక్టర్ మేడం జట్లు చదువుతూ కళ్ళజోడు మీద నుంచి చూసి, "కౌంటర్, టైం టేబుల్" అన్నారు. క్లాసంతా గొల్లుమంది.

వాళ్ళు తీసుకున్నది అతని వీధినే. ఇన్నాళ్ళూ వీధి వాళ్ళు నీళ్ళు రావట్లేదనే చెప్పేవాళ్ళు, పొద్దున్నే డిపోకి వెళ్ళిపోయే అతనూ అదే నమ్మాడు. తెల్లారకుండానే వెళ్ళి నిలబడితే అసలు సంగతి తెలిసింది. నీళ్ళు వస్తున్నాయి. సరిగ్గా మొదటి బస్సు వచ్చే వేళకే వస్తున్నాయి. బిందె పెడితే బస్సు పోతుంది, బస్సెక్కితే నీళ్ళు పోతాయి. వాళ్ళ కళ్ళ ముందే ఒకావిడ సగం నిండిన బిందెని అలాగే వదిలేసి, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ బస్సు వెనక పరిగెత్తింది. అందలేదు. వెనక్కొచ్చేసరికి కొళాయి కూడా ఆగిపోయింది. ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. గట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంది, అంతే.

ఆమె వెళ్ళి ఆవిడ సగం బిందెని గట్టు మీదకి ఎత్తి పెట్టింది.

"బస్సు అరగంట వెనక్కి జరపండి" అంది ఆమె అతని దగ్గరికి వచ్చి.

"మీరే నీళ్ళ వాల్వు తిప్పే టైం అరగంట ముందుకి జరపండి."

"వాల్వు అంటే మీ బస్సు గేరనుకున్నారా? ఒకటి తిప్పితే పది వీధులు కదుల్తాయి."

"బస్సు మాత్రం మా తాతగారి ఎడ్లబండా, ఎప్పుడంటే అప్పుడు కట్టడానికి?"

నెల రోజులు ఇదే వాదన. వీధి చివర, బస్ షెల్టర్ కింద, లైబ్రరీలో. ఒక పొద్దున్న ఉన్నట్టుండి వాన దంచేస్తే ఇద్దరూ షెల్టర్ కిందకి దూరారు. అతను తన సంచిలోంచి తువ్వాలు తీసి ఆమెకిచ్చి, తను చొక్కా చేత్తోనే మొహం తుడుచుకుంటూ, "చూశారా, మీ ఆఫీసుకి ఫిర్యాదు చేయకుండానే ఎన్ని నీళ్ళో" అన్నాడు.

ఆమె నవ్వు ఆపుకోబోయి ఓడిపోయింది. అతను ఆ నవ్వు కేసి ఒక క్షణం ఎక్కువే చూశాడు. తర్వాత చటుక్కున వాన కేసి తిరిగాడు. ఆ రోజంతా మళ్ళీ ఆమె కళ్ళలోకి చూడలేదు.

మర్నాడు అతను రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఆ సాయంత్రం డైరెక్టర్ మేడం ఆమెని గదికి పిలిచారు.

"నీ పార్ట్‌నర్ వచ్చి వెళ్ళాడు. నీకు మార్కులు వేయలేనన్నాడు. ఆ పని నుంచి తప్పించమన్నాడు."

"ఎందుకు మేడం?"

"కారణం చెప్పాడు. అది నేను బయటపెట్టకూడదు. కానీ సరైన కారణమే అనిపించి ఒప్పుకున్నాను. ఇక మీ జట్టు లేదు. బయటి ఎగ్జామినర్ వస్తారు. ఎవరి వైవా వాళ్ళదే, మొత్తం ప్రాజెక్టు మీద. బస్సుల భాగం కూడా నువ్వే చెప్పాలి. వారమే ఉంది."

ఆమె గదిలోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయింది. బస్సుల లెక్కలన్నీ అతని బుర్రలోనే ఉన్నాయి. నాకు మార్కులు వేయడానికే చేతులు రాలేదంటే, నా పని అంత అధ్వానంగా ఉందా? ఆ మాటేదో నా మొహం మీదే అనొచ్చుగా? మేడం దగ్గరికెళ్ళి చాడీలు చెప్పాలా?

ఇంటికొచ్చి వదినకి చెప్పింది. అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు. వదిన మడతపెడుతున్న బట్టలు పక్కన పడేసి మొత్తం విని, "అబ్బాయి ఎలా ఉంటాడు?" అంది.

"వదినా. నా ఉద్యోగం పోతోందంటే నీకదా కావలసింది?"

"అది కాదే. నేను మీ అన్నయ్య వంటకి మార్కులు వేయగలనా? మాడిపోయినా బాగుందనే అంటాను. మీ వాడిదీ ఆ జబ్బేనేమో."

"అతని మొహం. నన్ను చూస్తే ఇప్పటికీ బకెట్ గుర్తొస్తుంది అతనికి."

"నీకేం గుర్తొస్తుందమ్మా మరి?"

ఆమె వదిన పక్కన పడేసిన దుప్పటి లాక్కుని తనే మడతపెట్టింది. వంకరగా వచ్చింది. వదిన అది చూసి నవ్వుకుంటూ మిగతా బట్టలు అందుకుంది.

ఆ వారం ఆమె అతనికి మళ్ళీ ఫోన్ చేయలేదు. రోజూ తెల్లవారుజామున అదే మొదటి బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళింది. కండక్టర్ని అడిగింది, పక్క సీటువాళ్ళని అడిగింది. ఆ బస్సు ఒక్క వీధిది కాదని మెల్లగా అర్థమైంది. తర్వాతి స్టాపుల్లో ఆసుపత్రి ఆయాలు ఎక్కుతారు, మిల్లు వాళ్ళు ఎక్కుతారు. అరగంట ఆలస్యమైతే వాళ్ళకి గేటు మూసేస్తారు. కిటికీ పక్కన కూర్చుని ఆ మొహాలు చూస్తుంటే, అతను నెల రోజులు ఎవరి కోసం వాదించాడో తెలిసింది. కోపం తగ్గలేదు. కోపం పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది.

వైవా రోజు వరండాలో అతను కనిపించాడు. గడ్డం మాసిపోయి ఉంది. లేచి నిలబడ్డాడు. ఆమె చూడనట్టే లోపలికి వెళ్ళిపోయింది.

ఎగ్జామినర్ లావుపాటి పెద్దమనిషి, నవ్వని మొహం. "మీరు నీళ్ళ ఆఫీసు మనిషి కదమ్మా. బస్సే జరగాలంటారు, అంతేగా?"

"కాదండి. వాల్వే జరగాలి." ఆమె రిపోర్టు ఆయన ముందుకి జరిపింది. "మొదట్లో నేనూ బస్సే అన్నాను. మా ఆఫీసుకి కష్టం ఉండకూడదని అన్నాను. ఆ బస్సులో వెళ్ళి చూశాక ఆ మాట అనలేను."

ఆయన ఏదో రాసుకుని బయట కూర్చోమన్నారు. తర్వాత అతను వెళ్ళాడు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఈసారి డైరెక్టర్ మేడమే వచ్చి, "నువ్వూ రా" అన్నారు.

లోపల ఎగ్జామినర్ పెన్ను మూత పెట్టి ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "ఏమయ్యా, ఏమ్మా, మీరిద్దరూ మాట్లాడుకోరా? నీళ్ళ ఆఫీసమ్మాయి వాల్వు జరపాలంటుంది. డిపో అబ్బాయి బస్సు జరపాలంటాడు. నా సర్వీసులో ఎదుటి ఆఫీసు కోసం పోట్లాడిన వాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను."

ఆమె తల తిప్పి అతన్ని చూసింది.

"వారం రోజులు వాల్వు తిప్పే ఆయనతో తిరిగానండి" అన్నాడతను, ఆమె కేసే చూస్తూ. "అరగంట ముందు తిప్పితే గుట్ట మీది ఇళ్ళకి ప్రెషర్ అందదు. అక్కడ ముసలివాళ్ళున్నారు. ఈవిడ ఎన్నిసార్లు చెప్పినా నా చెవికెక్కలేదు."

"అయితే ఏం చేద్దాం? నీళ్ళా, బస్సా?" అన్నారు ఎగ్జామినర్.

"పావుగంట ముందు తిప్పితే ప్రెషర్ నిలబడుతుందా?" అంది ఆమె. అడిగింది ఎగ్జామినర్‌ని కాదు.

"నిలబడుతుంది. ఆయన్ని అడిగాను. పావుగంట ఆలస్యమైతే మిల్లు గేటు?"

"తీసే ఉంటుంది. నేనూ అడిగాను."

"అయితే చెరి సగం."

"చెరి సగం."

డైరెక్టర్ మేడం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎగ్జామినర్ నవ్వలేదు గానీ, "పాస్. ఇద్దరూ" అన్నారు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఈ వారమే ఇప్పిస్తానని మేడం ఆమెకి చెబుతుంటే ఆమెకి సగం మాటలే వినిపించాయి. పోస్టుకి గడువు ఉంది. ఉద్యోగం పోదు. ఏడుపొచ్చేలా ఉంది, కానీ ముందు తేల్చుకోవలసినది ఒకటుంది.

వరండాలో అతని ఎదురుగా నిలబడింది.

"నాకు మార్కులు ఎందుకు వేయలేనన్నారు?"

అతను నేల చూశాడు. "వేస్తే అన్నీ నూటికి నూరే వేస్తాను. మీరు రిపోర్టు తలకిందులుగా రాసినా నూరే. అలాంటివాడు మార్కులు వేయకూడదని ఎథిక్స్ పేపర్లో రాసి పాసయ్యాను. అందుకే మేడంకి వెళ్ళి చెప్పేశాను, నాకు మీరంటే..." ఆగిపోయాడు. "పద్ధతి ప్రకారం ముందు ఆఫీసుకి చెప్పాలి కదా అనుకున్నాను."

ఆమెకి ఒక్కసారిగా నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. కోపమే ముందు బయటికొచ్చింది.

"మీ నిజాయితీ మీరు నిలబెట్టుకున్నారు. నా ఉద్యోగం పణంగా పెట్టి. వారం రోజులు నేను పనికిరానిదాన్నని నన్ను నేనే తిట్టుకున్నాను, తెలుసా? జనాన్ని అడక్కుండా జనం కోసం నిర్ణయాలు తీసుకోకూడదని రెండేళ్ళ పొడుగునా చదివారు. నన్ను ఒక్కమాట అడిగారా?"

"అడిగితే కాదంటారేమోనని."

"కాదనే హక్కు కూడా నాదే కదండి. అది కూడా మీరే వాడేసుకున్నారు."

అతని మొహంలో రంగు పోయింది. చాలా నెమ్మదిగా, "తప్పే. క్షమించమని కూడా అడగలేను" అన్నాడు. అని, వెళ్ళిపోవడానికి సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"ఎక్కడికి?"

"మీరు..."

"మేడంకి చెప్పింది నాకెందుకు? నన్ను అడగండి."

వరండాలో ఎవరూ లేరు. వైవా గదిలో కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. అతను సంచి దించి కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. రెండేళ్ళుగా ఏ వాదనలోనూ తడబడని మనిషికి నాలుగు మాటలు కూడగట్టుకోవడం గగనమైపోయింది.

"నాకు మీరంటే ఇష్టం. మీకు... నేనంటే ఇష్టమేనా? కాదనొచ్చు. కాదన్నా నేను ఏ ఆఫీసుకీ చెప్పను."

ఆమె వెంటనే జవాబివ్వలేదు. వారం రోజులు తను పడింది అతనూ కొంచెం పడాలనిపించింది. అతను కదల్లేదు, తొందరపెట్టలేదు, ఇంకో మాట కలపలేదు. ఆమె కళ్ళలోకి చూస్తూ అలాగే నిలబడ్డాడు. అంతసేపు అతను చూపు తిప్పుకోకుండా ఉండటం ఆమె చూడటం ఇదే మొదటిసారి.

"ఇష్టమే" అంది.

అతను ఊపిరి వదిలాడు. ఏదో అనబోయాడు.

"ఆగండి. ముందు అడిగింది మళ్ళీ అడగండి," అంది ఆమె బెంచీ మీద కూర్చుంటూ. "నన్ను కూడా ఒకళ్ళు అడగడం, వినడానికి బాగుంది."

అతను మళ్ళీ అడిగాడు.