ఎక్స్‌ప్రెస్ ఆగిన చోటు

"ఇంకొక్కసారి నా మాట నువ్వు పూర్తిచేశావంటే, పార్ట్‌నర్‌ని మార్చమని మేడమ్‌కి చెప్పేస్తాను!"

హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టేసి తను వెళ్లిపోయింది. లాంగ్వేజ్ ల్యాబ్‌లో నేనూ, బయట వాన చప్పుడూ మిగిలాం.

విమానమెక్కి విదేశాలకెళ్లి చదవలేని స్టూడెంట్ల కోసం మా యూనివర్సిటీ పెట్టిన ఆన్‌లైన్ ఫ్రెంచ్ క్లాసు ఇది. ప్రతి మంగళవారం సముద్రాల అవతలి నుంచి ఫ్రెంచ్ మేడమ్ స్క్రీన్ మీదికి వస్తారు. మేం ఇద్దరిద్దరం జంటగా కూర్చుని మాట్లాడాలి. ఫార్మసీ చదివే నా పార్ట్‌నర్ మాటని మందులా తూచి తూచి వాడుతుంది. నాకేమో నోరు ఆగదు. క్లాసంతా నన్ను ఎక్స్‌ప్రెస్ అంటారు. తను తడబడితే పాపం అనిపించి మిగతా మాట నేనే అందుకునేవాణ్ని.

అలా ఐదు వారాలు తన మాటలు లాక్కున్నాను. మనసు మాత్రం నేనే పోగొట్టుకున్నాను.

ఇంటికెళ్లి అక్క దగ్గర మొరపెట్టుకున్నాను.

"చిన్నప్పుడు నేను కథ చెప్తుంటే ముగింపు కూడా నువ్వే చెప్పేసేవాడివి కదరా," అంది అక్క. "అది సాయం కాదు నాయనా, పక్కవాళ్ల కంచంలో చెయ్యి పెట్టడం."

చివరి పరీక్ష రోజు మేడమ్ అందరినీ అడిగే ప్రశ్నే తననీ అడిగారు. వచ్చే సెమిస్టర్‌కి కూడా ఇదే పార్ట్‌నర్ కావాలా?

"అతను..." అని ఫ్రెంచ్‌లో మొదలుపెట్టి తను ఆగిపోయింది.

ఆ ఖాళీలో పెట్టడానికి నా దగ్గర పది మాటలున్నాయి. పదీ నా గురించి మంచివే! చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాను. తను కాదంటే ఇంక మంగళవారాలే లేవు.

"అతను తొందర మనిషి," అంది చివరికి, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "కానీ ఈరోజు నా కోసం ఆగాడు. మార్చొద్దు."

బయటికొస్తే మళ్లీ వాన. చూరు కింద మెట్ల మీద కూర్చున్నాను. తను వెళ్లడానికి గొడుగు తెరిచింది.

"నువ్వంటే నాకు..." అన్నాను. అంతే, ఎక్స్‌ప్రెస్ అక్కడే నిలబడిపోయింది.

"అందుకోమంటావా?" కళ్లతోనే నవ్వుతూ అడిగింది.

"వద్దు. నేనే చెప్తాను."

"తొందరేం లేదు," అని గొడుగు మూసేసి నా పక్కన కూర్చుంది.

"ఇష్టం," అన్నాను. "చాలా ఇష్టం."

తను వాన వైపు చూస్తూ ఆలోచించింది. నేను ఆగాను.

"నాకు కూడా," అంది. ఆ మాట పూర్తిగా తనదే.