లోయలోంచి ఒక పిలుపు

శవం రెండు బండల మధ్య ఇరుక్కుని ఉంది. కింద సముద్రం. పైన ‘అందాల లోయకు స్వాగతం’ అని బోర్డు.

ఇన్‌స్పెక్టర్ ఆ బోర్డు వంక చూసి మొహం చిట్లించాడు.

పోయింది ముప్పై నిండని ఇల్లాలు. సాయంత్రం నాలుగింటికి అంచు మీంచి పడింది. కూడా వచ్చినవాళ్లు ముగ్గురు. భర్త, అక్క, అక్క మొగుడు. ముగ్గురినీ టికెట్ కౌంటర్ గదిలో కూర్చోబెట్టారు. ఫ్యాన్ లేదు, అందరికీ చెమటలు. అక్క మొగుడు మాత్రం పొడుగు చేతుల చొక్కా బొత్తాలు మణికట్టు దగ్గర కూడా విప్పలేదు.

ఎస్సై అప్పటికే కేసు తేల్చేశాడు.

"భర్తే సార్. అవతలి గట్టున ఒక్కణ్ణే ఫొటోలు తీస్తున్నానంటాడు, సాక్ష్యం లేదు. అక్కా, వాళ్లాయనా కార్లో ఉన్నారట. పడేముందు ఈవిడ మొగుణ్ణి పిలిచింది. టికెట్ క్లర్క్ విన్నాడు."

భర్త తలెత్తలేదు. "అందరం కలిసి వెళ్దామంటే రానంది సార్. నేనే బలవంతం చేశాను."

ఇన్‌స్పెక్టర్ క్లర్క్‌ని పిలిచాడు.

"ఏం విన్నావు?"

"మొగుణ్ణి పిలిచింది సార్."

"నీకు అర్థమైంది కాదు, ఆవిడ అన్న మాట చెప్పు."

"‘బావా! బావా!’ అంది."

"బావంటే మొగుడేనని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా సార్? మా ఆవిడ నన్నలాగే పిలుస్తుంది. మేనమామ కూతురు."

ఎస్సైదీ మేనరికమే. అందుకే ఆ మాట అతనికీ గుచ్చుకోలేదు. ఎవరిల్లు వాళ్లకి లోకం. ఆ లోకంలో పడి ఓ అమాయకుడు ఉరికంబం ఎక్కబోయాడు.

"మీది మేనరికమా?" భర్తని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"కాదండీ, బయటి సంబంధం."

"ఏమని పిలిచేది?"

"ఏవండీ అని. కోపమొస్తే అదీ ఉండేది కాదు."

"అమ్మా, మరి మీ ఆయన్ని?"

అక్క మొగుడి వంక చూసింది.

"నేను కార్లో నిద్రపోతున్నా," అన్నాడు ఆమె మొగుడు, ఎవరూ అడక్కుండానే.

"చొక్కా చేతులు మడవండి."

"ఎందుకు?"

"ముంజేతి కంకణానికి అద్దమెందుకు? మడవండి."

కానిస్టేబుల్ మడిచాడు. మణికట్టు మీద నాలుగు గోటి గాట్లు. ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"పట్టుకుంది, విదిలించావు. అంతేనా?"

అతను కూలబడ్డాడు. "తొయ్యలేదు సార్, ఒట్టు! ఇంకోసారి మీదకొస్తే అక్కకి చెప్పేస్తానంది. వెనక్కి వెనక్కి వెళ్తూ తనే జారింది. నా చెయ్యి పట్టుకుంది. అక్కకి చెప్పేస్తుందని..."

ఎవడికి భయపడి వెనక్కి జరిగిందో, చివరికి వాణ్ణే కాపాడమని పిలిచింది. ఇన్‌స్పెక్టర్ అక్క వైపు తిరిగాడు.

"ఇద్దరం కార్లోనే ఉన్నామన్నారు కదమ్మా. ఆ కేక మీకు వినపడలేదా?"

"వినపడింది. దాని గొంతు నాకు తెలీదా?" అక్క కళ్లలో తడి లేదు. "అదెలాగూ పోయింది. ఉన్నవాడైనా మిగులుతాడనుకున్నా."

"మరి ఇతను?"

"బయటివాడేగా."

భర్త మొదటిసారి తలెత్తాడు.

"వదినా," అన్నాడు.

ఆ పిలుపుకీ ఎవరూ పలకలేదు.