ఆటలు లేని కంప్యూటర్

అనంతపురం పాతూరులో కొళాయి నీళ్లు వచ్చే రోజంటే పద్మావతమ్మకు ఇంకో ధ్యాస ఉండదు. ఆ ఉదయం ఆమె బిందెలు వరుసగా పెట్టి పడుతుంటే, మేడ మీద గదిలోంచి కూతురు ఐశ్వర్య దబదబా మెట్లు దిగి వచ్చింది. చేతిలో స్కూటీ తాళం, ముఖం నిండా చిరాకు.

“రాప్తాడు రామాంజులన్న ఫోన్ చేసినాడమ్మా. కంప్యూటర్ వాపసు తీసుకోమంటాండాడు.”

“మళ్లీనా?” అంది పద్మావతమ్మ, బిందె మార్చడం మానకుండానే.

మళ్లీనే. ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో ఉద్యోగం వదులుకుని వచ్చి, ఐశ్వర్య ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్ తయారుచేస్తోంది. చూడటానికి ఉత్త కీబోర్డు. ఇంట్లో ఉన్న టీవీకి తగిలిస్తే చాలు, పనిచేస్తుంది. తండ్రి బదరీనారాయణకు కింద ఫ్యాన్లు, మోటార్లు అమ్మే అంగడి ఉంది. కూతురి కంప్యూటర్లనూ అక్కడ ఆయనే అమ్మిపెడుతున్నాడు. ఆయన మాట మీద నమ్మకంతో కొన్నవాళ్లు నెల తిరక్కుండానే ఒక్కొక్కరుగా వెనక్కి ఇచ్చేస్తున్నారు. ఇట్లాగే సాగితే మేడ మీద గది మోటార్లు పెట్టుకోవడానికి కావాలని ఆయన చెప్పేశాడు కూడా. గది పోతే ఐశ్వర్య పనీ పోయినట్లే.

రాప్తాడులో రామాంజులు ఇంట్లో అడుగు పెట్టేసరికి ఐశ్వర్యకు ఒళ్లు మండిపోయింది. ఆమె కంప్యూటర్ దేవుడి పటాల పక్కన ఉంది. దానిమీద పట్టుగుడ్డ కప్పి, పసుపు కుంకుమలు పెట్టారు. పువ్వు కూడా తాజాదే. పక్క గదిలో పిల్లలిద్దరూ ఒక ఫోన్ కోసం కొట్టుకుంటున్నారు.

“దీన్ని పిల్లోళ్లకు ఇయ్యలేదా అన్నా?”

“సరస్వతి కదమ్మా. స్నానం చేయకుండా ముట్టుకోవద్దని మీ నాయనే చెప్పినాడు. మొదట్లో పిల్లోళ్లు రెండు దినాలు కూర్చున్నారు. ఏముండాది దీంట్లో చేయనీకి అని లేచిపోయినారు.”

అతను కోప్పడి ఉంటే బాగుండేది. పోట్లాడటానికైనా వీలయ్యేది. అంత మర్యాదగా సంచిలో పెట్టి ఇస్తుంటే ఆమె తీసుకుని స్కూటీ ఎక్కింది.

ఇంటికి తిరిగొచ్చేటప్పటికి బదరీనారాయణ మధ్యాహ్నం భోజనానికి కూర్చుని ఉన్నాడు, పద్మావతమ్మ వడ్డిస్తోంది. ఐశ్వర్య చేతులైనా కడుక్కోకుండా ఆయన ఎదురుగా నిలబడింది.

“నాయనా, ఇంక నేను ఎమ్యులేటర్ వేసే వీటిని ఇస్తా.”

“ఏమది?”

“మా చిన్నప్పుడు టీవీకి క్యాసెట్ పెట్టి ఆడేవాళ్లం చూడు, ఆ వీడియో గేమ్. మన కంప్యూటర్ అచ్చం ఆ డబ్బా మాదిరే పనిచేసేటట్లు ఒక ప్రోగ్రామ్ రాసినా. ఆ డబ్బాకు చేసిన ఆటలు దీంట్లోనూ ఆడతాయి. రాసినోళ్లే ఊరికే ఇచ్చిన ఆటలు చానా ఉండాయి. అవి పెడతా.”

బదరీనారాయణ అన్నం కలపడం ఆపేశాడు. “ఆటలు లేవు, చదువు తప్ప ఇంకోటి లేదు అని ఒక్కొక్కరికీ మాటిచ్చి అమ్మినా. ఇప్పుడు ఆటలు పెడితే నా మొగం యాడ పెట్టుకోవల్ల?”

“నీ మాట నిలబడింది నాయనా. కంప్యూటరే నిలబడలేదు.”

“నోరు పెరిగింది నీకు.”

“పెరగనీ. కొత్త కంప్యూటర్ అది. దాని కోసమని లోకంలో ఎవరూ ఏమీ రాసిపెట్టలేదు. పెద్ద కంపెనీలకైతే రాస్తారు, నాకెవరు రాస్తారు? నేను రాసిన నాలుగు పాఠాలు అయిపోతే పిల్లోడికి ఉత్త తెర. ఈ పాత ఆటలుంటే మొదటి దినమే దానిమీద చేయి వేస్తాడు. చేయి వేసినోడే రేపు ఈ బొమ్మ ఇంకా ఎత్తుకు ఎగరాలంటే ఏం మార్చల్ల అని అడుగుతాడు. చదువు ఆడ మొదలైతాది నాయనా. ఆ డబ్బా చేసే పనంతా తడబడకుండా చేసిందంటే, నా కంప్యూటర్ సరిగ్గా ఉండాదని నాకూ రుజువు.”

“ఇవన్నీ నాకొద్దు. రేపు గది ఖాళీ చెయ్.”

ఐశ్వర్య ఏడుపు దిగమింగుకుని, వాపసు వచ్చిన కంప్యూటర్‌ను హాల్లో టీవీకి తగిలించి, ఎమ్యులేటర్ వేసి, ఒక ఆట పెట్టింది. ఒక్కసారైనా ఈ ఇంట్లో అది ఆడితే చూడాలనిపించింది. గుంతలు దాటుతూ పరుగెత్తే పిల్లవాడి ఆట అది. కూర్చుని ఆడటానికి మాత్రం మనసు రాలేదు. సామాను సర్దడానికి మేడెక్కింది.

అట్టపెట్టెలు పట్టుకుని దిగి వచ్చేసరికి హాల్లో టిక్కుటిక్కుమని బటన్ల చప్పుడు. పద్మావతమ్మ కొంగు బిగించి నేలమీద కూర్చుని ఆడుతోంది. గుంతకొకసారి ఆమె భుజం కూడా ఎగురుతోంది.

“నీకెట్ల వచ్చు ఇది?”

“నువ్వు బడికి పోయినాక మధ్యాహ్నాలు నేనేం చేస్తాంటిననుకున్నావు? ఇట్లాంటివే ఆడతాంటి.” ఆమె తెర మీదినుంచి చూపు తిప్పలేదు. “ఈ పెద్ద గుంత దాటడంలేదే. ఎత్తుకు ఎగిరేటట్లు మార్చొచ్చని మీ నాయనతో అంటివి గదా. ఏదీ, చూపించు.”

ఐశ్వర్య ఆట ఆపి, అంకెలుండే పట్టిక తెరిచి, ఏది మార్చాలో చెప్పింది. పద్మావతమ్మ ఒక్క వేలితో వెతుక్కుంటూ అంకె కొట్టింది. తెరమీద పిల్లవాడు గుంతను దాటి అవతల పడ్డాడు. ఆమె నోటిమీద చేయి పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది.

అంగడికి బయలుదేరిన బదరీనారాయణ గడప దగ్గరే ఆగిపోయాడు. “ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉండె గదా. ఎన్నడూ ముట్టలేదే నువ్వు?”

“మీరు సరస్వతి అంటిరి, మడి అంటిరి. పొద్దంతా అంట్లు, పొయ్యి, నీళ్లు నాకు. ఎప్పుడు ముట్టేది?” నవ్వుతూనే మొదలుపెట్టింది కానీ ఆమె కళ్లు నిండాయి. “దుమ్ము తుడవడానికే గానీ, అది నాకు కాదేమో అనుకున్నా.”

ఆయన గడప దాటి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు.

“రామాంజులూ, నేనప్పా, బదరీనారాయణ. నీకు నేను తప్పు చెప్పినా. కంప్యూటర్ రేపు నేనే తెస్తా. దాంట్లో ఆటలుంటాయి.” అవతల అతనేదో అడిగాడు. “స్నానం గీనం ఏమొద్దు. పిల్లోళ్లనే కాదు, మీ ఇంట్లో ఆడోళ్లనూ కూర్చోమను. మా ఇంట్లో ఆమె ఈ పొద్దు కూర్చునింది.”

ఫోన్ పెట్టేసి, ఐశ్వర్య కిందికి తెచ్చిన అట్టపెట్టెలు ఎత్తుకుని ఆయన తిరిగి మేడ మెట్లెక్కాడు.